తడబడకుండా ఒక్క నిమిషం

ఇయాన్ మెస్సిటర్ బీబీసీ రేడియోకి ఆటల కార్యక్రమాలు తయారు చేసేవాడు. ఒకరోజు లండన్లో 13వ నంబరు బస్సు పై అంతస్తులో కూర్చుని వెళ్తుంటే ఆయనకి బడి రోజులు గుర్తొచ్చాయట. షెర్బోర్న్ స్కూల్లో పెర్సివల్ పారీ జోన్స్ అని ఒక చరిత్ర మాస్టారు ఉండేవాడు. పాఠం వినకుండా పరధ్యానంగా ఉన్న మెస్సిటర్ని లేపి, ఈ నిమిషంలో నేను చెప్పిందంతా తడబడకుండా, చెప్పిందే మళ్ళీ చెప్పకుండా అప్పజెప్పమన్నాడు. మెస్సిటర్ ఆ శిక్షకి ‘విషయం దాటిపోకూడదు’ అనే ఇంకో షరతు కలిపి, పాయింట్ల లెక్క ఒకటి పెట్టి ఆట చేశాడు. అదే ‘జస్ట్ ఎ మినిట్’. 1967 డిసెంబరులో బీబీసీ రేడియోలో మొదలైంది, ఇంకా నడుస్తూనే ఉంది. ఒక్క నికొలస్ పార్సన్సే యాభై ఏళ్ళకి పైగా దానికి అధ్యక్షత వహించాడు.

ఈ పుట్టుక కథ నాకు బాగా నచ్చుతుంది. క్లాసులో శిక్షగా పుట్టిన వస్తువు రేడియోకి వెళ్ళి వినోదం అయింది. తర్వాత సముద్రాలు దాటి వచ్చి మళ్ళీ క్లాసులోనే కూర్చుంది, ఈసారి ‘యాక్టివిటీ’ అనే పేరుతో. మనం దాన్ని జామ్ అంటాం.

ఇక్కడ జామ్ అంటే నిజానికి రెండు వేరు వేరు సంగతులు. ఒకటి కాలేజీ ఫెస్టుల్లో ఆడేది. జామ్ మాస్టర్ ఉంటాడు, వెటకారం ఉంటుంది, అవతలి వాడి వ్యాకరణం పట్టుకుని పాయింట్లు కొట్టేసే మహానుభావులు ఉంటారు. అది ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్ళు ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్ళతో ఆడుకునే ఆట. దాంతో నాకు పేచీ లేదు. 2012లో బీబీసీ వాళ్ళే ఆ షోని ముంబైకి తీసుకొచ్చి రికార్డు చేసుకుని వెళ్ళారు.

రెండోది ల్యాబ్ జామ్. జెఎన్‌టీయూ కిందున్న కాలేజీల్లో బీటెక్ చదివినవాళ్ళకి మొదటి సంవత్సరం ఇంగ్లిష్ ల్యాబ్ గుర్తుండే ఉంటుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్ ముందు శబ్దాలు వినే భాగం ఒకటి, మనుషులతో మాట్లాడే భాగం ఒకటి. ఈ రెండో భాగం మొదట్లోనే జామ్ ఎదురవుతుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన కుర్రాడు కాలేజీలో అడుగుపెట్టగానే ఇంగ్లిషులో నలుగురి ముందు నోరు తెరవాల్సిన మొదటి సందర్భం చాలామందికి ఇదే. ఇంగ్లిషు మన కాగితాల మీద రెండో భాష అయి ఉండొచ్చు. ఆ కుర్రాడికి మాత్రం అది పరాయి భాషే. పరాయి భాష మాట్లాడించడానికి ఆటని వాడుకోవాలి అన్న ఆలోచన మీద నాకు గౌరవం ఉంది. నా అనుమానమల్లా ఈ ఆట మీదే. పుస్తకాన్ని సమీక్షించేటప్పుడు ఎవరి కోసం రాశారు, ఏం అడుగుతోంది, ఎవరి పక్షాన నిలబడింది అని చూస్తాం కదా. ఆటనీ అలాగే చూడొచ్చు. రూల్సు చదివితే చాలు.

మూడు రూల్సు: తడబడకూడదు, చెప్పిన మాట మళ్ళీ చెప్పకూడదు, విషయం దాటకూడదు. కొత్తగా ఒక భాష మాట్లాడుతున్న మనిషిని ఎప్పుడైనా దగ్గరగా గమనించారా? వాడు చేసే పనులు సరిగ్గా ఈ మూడే. మాట కోసం వెతుక్కుంటూ ఆగుతాడు, ఆ ఆగడంలోనే మాట దొరుకుతుంది. చేతిలో ఉన్నవి రెండొందల మాటలైతే వాటినే తిప్పి తిప్పి వాడతాడు, వాడగా వాడగా అవి నాలుక మీద కుదురుకుంటాయి. ఇక ‘గ్లోబల్ వార్మింగ్’ గురించి చెప్పడం చేతకానప్పుడు మెల్లగా జరిగి ‘మా ఊళ్ళో ఎండలు’ దగ్గరికొస్తాడు, ఎందుకంటే అక్కడ వాడికి మాటలున్నాయి. అంటే నేర్చుకునేవాడి చేతిలో ఉన్న పనిముట్లు మూడూ ఈ ఆటలో నేరాలు. ఈత నేర్చుకునేవాడికి కాళ్ళు చేతులు ఆడించకూడదని షరతు పెట్టినట్టుంది ఇది.

బీబీసీ ఆటలో ఈ రూల్సు అద్భుతంగా పనిచేస్తాయి. క్లెమెంట్ ఫ్రాయిడ్ అనే ఆయన నిమిషం గడపడానికి జాబితాలు చదివేవాడు, ఒకదాని తర్వాత ఒకటి, నిదానంగా. అది వినడం సరదా. ఎందుకంటే ఆయన దగ్గర భాష గోదాములకొద్దీ ఉంది, రూల్సు ఆ గోదాముకి తాళాలు వేస్తుంటే ఆయన కిటికీలోంచి దూరుతున్నాడు. మనకి ఇది కొత్త సంగతేమీ కాదు. అవధానంలో నిషిద్ధాక్షరి ఉంది. అవధాని ఒక అక్షరం చెప్పగానే పృచ్ఛకుడు తర్వాతి అక్షరం ఫలానాది రాకూడదంటాడు. పక్కన అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన ఏకాగ్రత చెడగొట్టడానికి అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేస్తుంటాడు. సభ ఆనందిస్తుంది. తిరుపతి వేంకట కవుల కాలం నుంచీ ఊరూరా జనం కూడి మరీ చూసిన వేడుక అది. అయితే, పద్యం రాయడం నేర్పడానికి ఎవరైనా పిల్లవాణ్ణి మొదటిరోజే నిషిద్ధాక్షరికి కూర్చోబెడతారా? ఛందస్సు గణాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకునే వయసులో? ల్యాబ్ జామ్ చేస్తున్న పని అదే. విద్వత్తుని ప్రదర్శించే ఆటని తీసుకుని విద్య నేర్పే ఆట అనుకుంటున్నాం.

రూల్సు సంగతి అలా ఉంచితే, నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే విషయం ఇంకొకటుంది. జామ్‌లో వినేవాళ్ళకి చెప్పేవాడి విషయంతో పనిలేదు. ‘నాకు నచ్చిన పండుగ’ అని చిట్టీ వచ్చింది. సంక్రాంతి గురించి వాడు ఏం చెప్తాడో తెలుసుకోవాలన్న అవసరం ఆ గదిలో ఎవరికీ లేదు. మేడమ్‌కి తెలుసు, క్లాసుకి తెలుసు. వాళ్ళు చూస్తున్నది వాడు ఎలా చెప్తాడన్నదే.

ఇది మన సాహిత్యంలో వందేళ్ళ క్రితమే ఉన్న దృశ్యం. కన్యాశుల్కంలో గిరీశం శిష్యుడితో కలిసి కృష్ణరాయపురం అగ్రహారానికి వస్తాడు. వెంకటేశం తల్లి ముచ్చటపడి, మీరిద్దరూ ఒకసారి ఇంగ్లిషు మాట్లాడండి అంటుంది. ఇద్దరూ బడిలో వల్లెవేసిన పిల్లల పద్యాలూ వాచకం ముక్కలూ ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. తల్లి మురిసిపోతుంది. గురజాడ అక్కడ నవ్విస్తున్నది గిరీశం మీద మాత్రమే అనుకోను. అర్థంతో పనిలేని శ్రోత ఉన్నప్పుడు మాట్లాడటం అనేది ఏమైపోతుందో కూడా ఆ కాసేపట్లో కనిపిస్తుంది. వెంకమ్మ స్థానంలో మార్కుల షీటు పట్టుకున్న లెక్చరర్ని ఊహించుకోండి. లెక్చరర్‌కి ఇంగ్లిషు వచ్చు, అదొక్కటే తేడా. అప్పజెప్పించుకోవడంలో తేడా లేదు.

పైగా ల్యాబ్‌కి వచ్చేసరికి జామ్‌లో ఆట అన్నది కూడా మిగల్లేదు. అసలు ఆటలో ఒకడు మాట్లాడుతుంటే ఇంకొకడు ఆపి తప్పు పట్టొచ్చు, ఆ తప్పు నిలబడితే మిగిలిన సెకన్లు వాడివి. మాట చేతులు మారుతుంది. మన దగ్గర ఆ భాగం తీసేశారు, ఎందుకంటే అరవై మందితో అది గోల. స్టాప్‌వాచ్, చిట్టీ, మార్కులు మిగిలాయి. అంటే పారీ జోన్స్ మాస్టారి శిక్ష మళ్ళీ శుద్ధరూపంలోకి వచ్చేసింది.

మా బ్యాచ్‌లో ఒకడుండేవాడు. ఎంసెట్‌లో నాకంటే చాలా మంచి ర్యాంకు, లెక్కల్లో మా అందరికీ దిక్కు. మండల కేంద్రంలో తెలుగు మీడియం. వాడి వంతు వచ్చింది. పేరు, ఊరు, నాన్న వ్యవసాయం చేస్తాడని చెప్పి, పండుగ గురించి రెండు వాక్యాలు చెప్పి, ‘దట్సాల్ మేడమ్’ అన్నాడు. ఇరవై సెకన్లు అయ్యాయేమో. ఇంకా టైముంది, కంటిన్యూ, అన్నారు. ఆమె మంచి మనిషే, దయగానే అన్నారు. ఆ మిగతా నలభై సెకన్లూ వాడు అలాగే నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే బాగుండేది. ఆ తర్వాత నాలుగేళ్ళలో వాడు ఇంగ్లిషులో నోరు తెరవాల్సిన ప్రతి చోటా పక్కవాణ్ణి ముందుకు తోసేవాడు. సెమినార్లో స్లైడ్లు వాడు చేస్తే మేము చదివేవాళ్ళం.

జామ్ వల్లే తమకి స్టేజి భయం పోయిందని చెప్పే స్నేహితులూ నాకున్నారు. అబద్ధం చెప్పడం లేదు. కానీ వాళ్ళతో కాసేపు కూర్చుని అడిగితే తేలేదేమిటంటే, ఆ గదిలోకి వచ్చేటప్పటికే వాళ్ళ దగ్గర ఒక పది వాక్యాల పెట్టుబడి ఉంది. పెట్టుబడి ఉన్నవాళ్ళకి వడ్డీ ఇచ్చింది ఆ ఆట. లేనివాళ్ళు ఏం చేశారంటే బట్టీపట్టారు. ఏ చిట్టీ వచ్చినా ‘ఇన్ టుడేస్ మోడర్న్ వరల్డ్’ అని మొదలెట్టి ఎటు తిప్పినా సరిపోయే ఒక నిమిషం వ్యాసం. ఇంటర్వ్యూల్లో జామ్ రౌండ్ పెట్టే కంపెనీల వాళ్ళు ఈ వ్యాసాన్ని ఎన్ని వేల గొంతుల్లో విని ఉంటారో పాపం.

ఇప్పుడు ఇంకో ఆట. ‘టాబూ’ అని 1989లో అమెరికాలో వచ్చిన కార్డుల ఆట. కార్డు మీద ఒక మాట, దాని కింద వాడకూడని ఐదు మాటలు. పై మాటని మన జట్టు వాళ్ళ చేత చెప్పించాలి. ఇందులోనూ నిషేధమే ఉంది. కానీ జామ్‌లో లేనిది ఒకటుంది. గెలిచావో లేదో తేల్చేది పక్కవాడికి అర్థం కావడం. వాడు సరైన మాట అరిచాడా, పాయింటు వచ్చినట్టే. నువ్వు ఎన్నిసార్లు ఆగావు, ఎన్ని క్రియలు చంపావు అన్నది ఎవరి లెక్కలోకీ రాదు.

మా ఆఫీసు తరఫున ఒక డిగ్రీ కాలేజీకి కొన్ని శనివారాలు వెళ్ళాను. అక్కడ ఈ కార్డులు తెలుగు ఇళ్ళకి తగ్గట్టు తయారు చేసి ఆడించాం. ఒకమ్మాయికి ‘ఇడ్లీ’ వచ్చింది. చట్నీ, సాంబారు, టిఫిన్, రైస్, స్టీమ్ వాడకూడదు. కాసేపు పైకి చూసింది. తర్వాత ‘ఫీవర్ కమ్స్, డాక్టర్ టెల్స్, దిస్ ఓన్లీ ఈట్’ అంది. జట్టు ‘బ్రెడ్!’ అని అరిచింది. ‘నో, నో, నాట్ షాప్. మదర్ నైట్ టైమ్... మదర్ నైట్...’ అని ఆగి, కుడి చెయ్యి గుండ్రంగా తిప్పి, ‘గ్రైండ్! నైట్ గ్రైండ్, మార్నింగ్ రెడీ’ అంది. దోశ అన్నారు. ‘నో హోల్స్! నో ఆయిల్!’ అంది. అప్పుడు దొరికింది.

ఆ ముప్ఫై, నలభై సెకన్లలో ఆ పిల్ల తడబడింది, చెప్పిందే చెప్పింది, ఇడ్లీ నుంచి జ్వరానికీ అక్కణ్ణుంచి అమ్మ రుబ్బడానికీ వెళ్ళింది. జామ్‌లో అయితే సున్నా. కానీ ‘గ్రైండ్’ అనే మాట తనకి తెలుసని ఆ క్షణం దాకా తనకే తెలియదు. బ్రెడ్ అని తప్పుగా అరిచినవాళ్ళు లేకపోతే ఆ మాట బయటికి వచ్చేది కాదు. మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు 1985లో కెనడా ఫ్రెంచి బడుల మీద రాసింది ఇలాంటి సంగతే. అక్కడి ఇంగ్లిషు పిల్లలు ఏళ్ళ తరబడి పాఠాలన్నీ ఫ్రెంచిలో విన్నారు, బాగా అర్థం చేసుకుంటారు. మాట్లాడటం రాయడం మాత్రం వెనకబడింది. వింటే సరిపోదు, అవతలివాడికి అర్థం కాలేదని తెలిసి ఇంకోలా చెప్పాల్సిన ఒత్తిడి కూడా ఉండాలని ఆమె వాదం. ఒత్తిడి జామ్‌లోనూ ఉంది. కానీ అది గడియారం ఒత్తిడి, మనిషిది కాదు.

భాష నేర్పే ఆటల పుస్తకాలు తిరగేస్తే ఈ రకం ఆటలు కొల్లలుగా కనిపిస్తాయి. ఆండ్రూ రైట్, డేవిడ్ బెటరిడ్జ్, మైకేల్ బక్‌బీ కలిసి రాసిన ‘గేమ్స్ ఫర్ లాంగ్వేజ్ లెర్నింగ్’ 1979లో వచ్చింది, 2006 నాటికి మూడో కూర్పు. ఒకరి దగ్గర బొమ్మ, చూడకుండా ఇంకొకరు గీయాలి. ఇద్దరి దగ్గరా కొద్ది తేడాలున్న బొమ్మలు, ఒకరిది ఒకరు చూడకుండా తేడాలు పట్టాలి. ఉపాధ్యాయులు దీన్ని ఇన్ఫర్మేషన్ గ్యాప్ అంటారు. నాకు తెలిసింది నీకు తెలియదు, అందుకని మాట్లాడుకోవాలి. కాగితం మీద గొప్పగా ఉంటుంది. మన క్లాసులో పెట్టి చూడండి. రెండు నిమిషాల్లో వెనక బెంచీ మొత్తం తెలుగులోకి వెళ్ళిపోతుంది. ‘నీ దాంట్లో చెట్టు కింద కుక్కుందా? ఉంది. మరి తోక?’ ఆట దివ్యంగా సాగుతుంది, ఇంగ్లిషు ఒక్క ముక్క లేదు. తప్పు పిల్లలది కాదు. లక్ష్యం తేడాలు పట్టడం అయినప్పుడు దగ్గరి దారి తెలుగే. మా వృత్తిలో ఇది రోజూ చూస్తాం. దేన్ని కొలుస్తారో జనం దాన్నే చేసి పెడతారు, మీరు మనసులో అనుకున్నదాన్ని కాదు.

ఇక్కడ ఎన్. ఎస్. ప్రభు గురించి చెప్పాలి. భాషాబోధన చదివేవాళ్ళు ప్రపంచమంతా ఆయన పేరు చెప్తారు, మన సాహిత్య సభల్లో మాత్రం ఎవరి నోటా వినలేదు. ఆయన 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు వంటి చోట్ల మామూలు బడుల్లో ఒక ప్రయోగం నడిపాడు. బెంగళూరు ప్రాజెక్టు అంటారు. వ్యాకరణ పాఠాలు వరసగా చెప్పకుండా, పిల్లలకి ఇంగ్లిషులో చేయాల్సిన పనులు ఇచ్చేవాళ్ళు: రైళ్ళ టైమ్‌టేబుళ్ళు, పటాలు, లెక్కలు. ఆ అనుభవం మీద 1987లో వచ్చిన పుస్తకం ‘సెకండ్ లాంగ్వేజ్ పెడగాజీ’. చిన్న పుస్తకం, పొడి వచనం, ఎక్కడా తన గొప్ప చెప్పుకోడు. ప్రభుకి ఈ ఇన్ఫర్మేషన్ గ్యాప్ మీద పెద్ద మోజు లేదు. నా దగ్గరున్నది నీకు అందించడానికి ఒక మాట, ఒక అంకె చాలు, అక్కడితో అయిపోతుంది. ఆయన మొగ్గు రీజనింగ్ గ్యాప్ వైపు. సమాచారం అందరి ముందూ ఉంటుంది, దాన్నుంచి తేల్చాల్సింది ఒకటుంటుంది.

ఆ పద్ధతిలో మనమొకటి చేసుకుందాం. విజయవాడలో పెళ్ళి, ముహూర్తం ఉదయం 10:20కి. హైదరాబాదు నుంచి తెల్లవారుజామున మూడు బస్సులు, మూడు ఛార్జీలు. సూర్యాపేటలో పిన్నిని ఎక్కించుకోవాలి, కానీ ఒక బస్సు అక్కడ ఆగదు. పిన్నికి ఏసీ పడదు. చేతిలో ఉన్నది ఇంత డబ్బు. ఏ బస్సు? ఇందులో ఒకే మాటతో తప్పించుకోవడం కుదరదు. ‘సెకండ్ బస్, బికాజ్...’ అనగానే ఇంకొకడు ‘బట్ పిన్ని’ అంటాడు. ఆ ‘బికాజ్’ కోసం, ‘బట్’ కోసం, ‘ఇఫ్’ కోసం వాళ్ళకి పాఠం చెప్పక్కర్లేదు. అవి లేకుండా పని జరగదు. బుద్ధి బస్సు మీద ఉన్నప్పుడు నాలుక మీద కాపలా తగ్గుతుంది. ప్రభు దీన్ని ఆట అనలేదు. నా లెక్కలో మాత్రం ఆటలని పేరు పెట్టుకుని తిరిగే చాలావాటికంటే ఇదే ఆట.

అయితే ప్రభుతో పూర్తిగా నడవలేను. ఆయనకి పిల్లల్ని గుంపులు చేసి వదిలేయడం ఇష్టం లేదు. ఒకరి తప్పులు ఒకరికి అంటుకుని గట్టిపడిపోతాయని భయం. అందుకని టీచరు ముందుండి క్లాసంతటితో పని నడిపించాలి, తర్వాత ఎవరి పని వారు చేసుకోవాలి. మాట్లాడి తీరాలని బలవంతం లేదు, అర్థం కావడం ముందు, మాట తర్వాత. బడి పిల్లలకి ఇది ఎంత మానవీయమైన ఆలోచనో! మాట పెగలని పిల్లవాణ్ణి నిలబెట్టకపోవడం అనే ఒక్క కారణానికే ఆయనకి దణ్ణం పెట్టొచ్చు. కానీ ఆరు నెలల్లో ప్లేస్‌మెంట్లున్న కుర్రాడి దగ్గర ‘మాట దానంతటది వస్తుంది’ అనడానికి నాకు నోరు రాదు. వాడికి అంత వ్యవధి లేదు. ఇక ఒకరి తప్పు ఒకరికి అంటుకోవడం గురించి అయితే, మా ఇడ్లీ జట్టులో అందరి ఇంగ్లిషూ ఒకటే బాపతు. తప్పులు అంటుకునే ఉంటాయి. దాంతోపాటు ధైర్యం కూడా అంటుకోవడం చూశాను.

ఉద్యోగంలో మాట్లాడే ఇంగ్లిషు ఎలా ఉంటుందో మా ఫీల్డులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతుంది. కాల్‌లో ఒకడు చెన్నైలో, ఒకామె పోలండులో, మేనేజర్ టెక్సస్‌లో. ఎర్రర్ ఏమిటో చూసింది నేను, సరిచేసే అధికారం ఉన్నది ఆమెకి. నేను చెప్పేది ఆమెకి అర్థం కావాలి, అంతే. ఆ కాల్ రికార్డింగులు వింటే అందులో ఉన్నదంతా తడబాటు, పునరుక్తి, మళ్ళీ మొదటికి రావడం. ‘నో నో, నాట్ దట్ సర్వర్, ద అదర్ వన్, ద వన్ బిఫోర్ దట్.’ జామ్ జడ్జి అయితే పది సెకన్లకే గంట కొట్టేస్తాడు. మా బ్యాచ్‌లో ఆ నలభై సెకన్లు నిలబడ్డవాడు ఇవాళ ఇలాంటి కాల్స్ నడిపించే స్థాయిలో ఉన్నాడు. అక్కడ ఎవరూ వాడి ఇంగ్లిషుకి మార్కులు వేయడం లేదు, వాడు చెప్పేదాని కోసం ఎదురుచూస్తున్నారు. అందుకని మాట్లాడుతున్నాడు.

ఆటలతో భాష అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది డ్యూలింగో. దాని గురించి ఎక్కువ చెప్పడానికి నా దగ్గర లేదు. పాయింట్లు, లీగులు, స్ట్రీకు తెగిపోతుందని బెంగపెట్టుకునే గుడ్లగూబ. అది రోజూ యాప్ తెరిపించే ఆట, ఆ పని బ్రహ్మాండంగా చేస్తుంది. మాటలు కూడబెట్టుకోవడానికి పనికొస్తుంది. కానీ పాఠంలో ‘ఐ యామ్ ఈటింగ్ యాన్ యాపిల్’ అని ఫోనుకి చెప్తున్నప్పుడు నేను యాపిల్ తింటున్నానో లేదో దానికి అక్కర్లేదు. వెంకమ్మగారైనా కనీసం మురిసిపోయింది.

మరి ఇంత లోపమున్న జామ్ ఎందుకు బతికుంది? లెక్క చాలా మామూలుది. ఒక బ్యాచ్‌లో ముప్ఫైమంది, రెండు గంటల ల్యాబ్. తలకో నిమిషం, పిలవడానికీ లేవడానికీ ఇంకో నిమిషం, గంటలో అందరూ అయిపోతారు, అందరికీ మార్కు పడుతుంది, రికార్డులో సంతకం పడుతుంది. టాబూ ఆడిస్తే గోల, పక్క క్లాసు సార్ వచ్చి తలుపు కొడతాడు. పెళ్ళి బస్సు ఇస్తే ఎవరికి ఎంత మార్కు వేయాలో తేలదు. జామ్ పరీక్షకి అనువైన ఆట, అందుకే నిలబడింది. దీన్ని సిలబస్ నుంచి తీసేయమనడం నా ఉద్దేశం కాదు. ఎలాగూ తీయరు. ఒక్క రూలు మార్చి చూడమంటాను: మార్కు మాట్లాడినవాడికి విడిగా వేయకండి. చిట్టీ మీద విషయం మాట్లాడేవాడికి తప్ప ఇంకెవరికీ తెలియనిదై ఉండాలి, మీ ఊరికి బస్టాండు నుంచి దారి, మీ ఇంట్లో ఒక పనిముట్టు, మీ నాన్న చేసే పని. నిమిషం అయ్యాక వినేవాడు ఆ దారి బోర్డు మీద గీయాలి. గీయలేకపోతే ప్రశ్నలడగొచ్చు, ఎన్నయినా. బొమ్మ కుదిరితే ఇద్దరికీ మార్కు. అప్పుడు నా స్నేహితుడి నలభై సెకన్ల మౌనంలోకి కనీసం ఒక ప్రశ్న వచ్చి పడేది. ‘లెఫ్ట్ ఆర్ రైట్?’ అని ఎవడో ఒకడు అడిగేవాడు.

ఇది ఇంగ్లిషుకే పరిమితమైన బాధ కాదు. అమెరికాలో తెలుగు నేర్పే మనబడి వాళ్ళ ‘తెలుగు మాట్లాట’ పోటీల్లో ‘ఒనిమా’ అని ఒక ఆట ఉంది. ఒక్క నిమిషం మాత్రమే. జామ్‌కి ఇంత చక్కని తెలుగు పేరు పెట్టినందుకు మెచ్చుకోవాల్సిందే. అక్కడ తెలుగే పరాయి భాష, తడబడేది మన పిల్లలే. వేదికెక్కి నిమిషంపాటు తెలుగులో మాట్లాడిన పిల్లల్ని చూసి తల్లిదండ్రుల కళ్ళు చెమర్చడం సహజమే. కానీ ఆ పిల్లలు అసలు తెలుగు ఆడే చోటు ఇంకొకటుంది. మా అక్క కూతురికి తొమ్మిదేళ్ళు, డాలస్‌లో ఉంటుంది. ఆదివారం వీడియో కాల్‌లో మా అమ్మ ఎప్పుడూ అడిగేదే అడుగుతుంది, ఏం తిన్నావే అని. మా అమ్మకి ఇంగ్లిషు రాదు, ఆ పిల్ల తిన్నవి ఈ జన్మలో చూడలేదు. పోయిన వారం ‘టాకో’ అంది.

‘అంటే ఏంటే?’

‘అంటే... చపాతీ. చిన్న చపాతీ. లోపల కూర ఉంటది.’

‘చపాతీలో కూర చుట్టుకుని తిన్నావా?’

‘చుట్టలేదు అమ్మమ్మా. అది ఇలా... హాఫ్. హార్డ్‌గా ఉంటది. కొరికితే సౌండ్ వస్తది.’

‘అప్పడమా?’

‘ఆఁ! అప్పడం! అప్పడంలో కూర!’

‘అప్పడంలో కూరేంటే, మెత్తబడిపోదూ?’

‘అందుకే ఫాస్ట్‌గా తినాలి.’